ఎంవీపీ ఎవరికివ్వాలి? బేస్‌బాల్ వాదనల్లో తిరిగే అపోహలు, అసలు లెక్కలు

సెప్టెంబరు ముదిరేసరికి బేస్‌బాల్ చూసేవాళ్ల మధ్య ఒకటే రగడ: ఈసారి మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ (ఎంవీపీ) ఎవరు? 2025లో అమెరికన్ లీగ్ (అమెరికా బేస్‌బాల్‌లోని రెండు లీగుల్లో ఒకటి, రెండోది నేషనల్) పోరు సియాటిల్ క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) కాల్ రాలీకీ, న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్‌కీ మధ్య నడిచింది, జడ్జ్ గెలిచాడు. సియాటిల్‌లో ఉంటున్న మనవాళ్లలో ఆట ఫాలో అయ్యేవాళ్లకి ఆ ఫలితం ఇంకా మింగుడు పడలేదు. ఆ వాదనల్లో సగం నిబంధనలు తెలియక వచ్చినవి. మిగతా సగం లెక్కల్ని సగం తెలుసుకుని చేసినవి. రెండోరకమే ఎక్కువ ప్రమాదం.

అపోహ: ఎంవీపీని అభిమానులు ఎన్నుకుంటారు.

వాస్తవం: అభిమానుల ఓటు ఆల్‌స్టార్ మ్యాచ్ వరకే. ఎంవీపీని 1931 నుంచి అమెరికా బేస్‌బాల్ రచయితల సంఘం ఎన్నుకుంటోంది. ఒక్కో లీగ్‌కి 30 మంది ఓటర్లు, అంటే ఆ లీగ్‌లోని 15 జట్ల నగరాల నుంచి ఇద్దరేసి విలేకరులు. ఒక్కొక్కరూ పది పేర్లు వరసగా రాయాలి. మొదటి పేరుకి 14 పాయింట్లు, రెండోదానికి 9, అక్కణ్ణుంచి ఒక్కో మెట్టుకి ఒక్కోటి తగ్గుతూ పదో పేరుకి 1. అందరూ మొదటి స్థానం ఇస్తే వచ్చేది 420. షోహెయ్ ఒటానీకి 2024లో వచ్చింది సరిగ్గా అంతే.

ఈ పద్ధతిలో మొదటికీ రెండుకీ మధ్య తేడా 5 పాయింట్లు, మిగతా చోట్ల ఒక్కటే. 2025లో జడ్జ్‌కి 17 మొదటి ఓట్లు, 13 రెండో ఓట్లు పడ్డాయి: 238, 117 కలిపి 355. రాలీకి అదే తిరగేసి 335. ఇరవై పాయింట్లంటే పెద్ద తేడాలాగే ఉంటుంది. కానీ ఇద్దరంటే ఇద్దరు ఓటర్లు పేర్లు అటూ ఇటూ చేసి ఉంటే 345-345తో సమమయ్యేది. సమమైతే ఇద్దరికీ ఇస్తారు. 1979లో నేషనల్ లీగ్‌లో కీత్ హెర్నాండెజ్, విల్లీ స్టార్జెల్ చెరి 216 పాయింట్లతో పంచుకున్నారు.

అపోహ: మొదటి రెండు పేర్లు చాలు, కింద ఎవరిని రాసినా ఒకటే.

వాస్తవం: 1999 అమెరికన్ లీగ్ చూడండి. పిచర్ (బంతి విసిరేవాడు) పెడ్రో మార్టినెజ్ 23 గెలుపులు, 4 ఓటములు, 2.07 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన రన్లు), 313 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో పంపిన బ్యాటర్లు). మొదటి ఓట్లు అందరికంటే ఎక్కువ ఆయనకే, 8. క్యాచర్ ఇవాన్ రోడ్రిగెజ్‌కి 7. చివరి లెక్క మాత్రం రోడ్రిగెజ్ 252, మార్టినెజ్ 239. ఇద్దరు ఓటర్లు మార్టినెజ్ పేరు పదిమందిలో ఎక్కడా రాయలేదు. ఆ ఇద్దరూ కనీసం నాలుగో స్థానం ఇచ్చి ఉన్నా చెరి 7 చొప్పున 14 పాయింట్లు కలిసి, 253తో మార్టినెజ్ ఒక్క పాయింటు తేడాతో గట్టెక్కేవాడు. పదో స్థానం కూడా ఫలితాన్ని మార్చగలదని ఓటర్లకి పంపే ఉత్తరంలోనే హెచ్చరిక ఉంటుంది.

అపోహ: పిచర్లకి విడిగా సై యంగ్ అవార్డు ఉందిగా, ఎంవీపీకి వాళ్లు అర్హులు కారు.

వాస్తవం: ఇది నిబంధనకే విరుద్ధం. పిచర్లు, డిజిగ్నేటెడ్ హిట్టర్లు (డీహెచ్, అంటే ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాళ్లు) కూడా అర్హులేనని ఆ ఉత్తరంలో విడిగా రాసి ఉంటుంది. 2011లో జస్టిన్ వెర్లాండర్, 2014లో క్లేటన్ కెర్షా, ఇద్దరు పిచర్లు, గెలిచారు. "అయిదు రోజులకోసారి ఆడేవాడు రోజూ ఆడేవాడితో సమానమా" అన్న ప్రశ్న వినడానికి బాగానే ఉంటుంది. కానీ రోజూ ఆడే బ్యాటర్ సీజన్ మొత్తంలో ప్లేట్ దగ్గరికి వచ్చేది దాదాపు 700 సార్లు. వెర్లాండర్ 2011లో ఎదుర్కొన్న బ్యాటర్లు 950కి పైనే.

అపోహ: జట్టు ప్లేఆఫ్‌కి (సీజన్ తర్వాతి నాకౌట్ పోరుకి) వెళ్లకపోతే ఆటగాడి విలువ సున్నా.

వాస్తవం: విజేత ప్లేఆఫ్ జట్టు నుంచే రావాలని లేదని నిబంధనల్లోనే ఉంది. 1987లో ఆండ్రే డాసన్, 2003లో అలెక్స్ రోడ్రిగెజ్ తమ డివిజన్లలో (లీగ్‌లోని జట్ల గుంపుల్లో) అడుగున ఉన్న జట్లకి ఆడి గెలిచారు. మైక్ ట్రౌట్ 2016లో, 2019లో, ఒటానీ 2021లో, 2023లో గెలిచినప్పుడు వాళ్ల జట్టు ఏంజెల్స్ గెలిచిన మ్యాచ్‌ల కన్నా ఓడినవే ఎక్కువ.

అయినా ఈ వాదన చావదు. 2012లో మిగెల్ కబ్రెరా పక్షాన దీన్నే గట్టిగా వాడారు: డెట్రాయిట్ డివిజన్ గెలిచింది, ట్రౌట్ జట్టు ఇంటికెళ్లింది అని. డెట్రాయిట్ గెలిచినవి 88, ఏంజెల్స్ గెలిచినవి 89! బలహీనమైన డివిజన్లో ఉండటం కబ్రెరా ప్రతిభ కాదు, బలమైన డివిజన్లో ఉండటం ట్రౌట్ తప్పూ కాదు. ఇద్దరి మధ్య వేరే ఏ తేడా తేలనప్పుడు మాత్రమే జట్టు స్థానాన్ని చూడటం న్యాయం.

ఇదే కోవలో ఇంకోటి: వరల్డ్ సిరీస్‌లో, అంటే ఫైనల్లో, చితక్కొట్టినవాడికే ఎంవీపీ అనుకోవడం. ఓట్లు ప్లేఆఫ్ మొదలయ్యేలోపే పడిపోతాయి, ఫలితం మాత్రం నవంబరులో చెబుతారు. వరల్డ్ సిరీస్ ఎంవీపీ వేరే అవార్డు. 2024లో అది ఫ్రెడ్డీ ఫ్రీమన్‌కి వెళ్లింది, సీజన్ ఎంవీపీ అదే జట్టులోని ఒటానీకి.

అపోహ: ట్రిపుల్ క్రౌన్ కొడితే ఎంవీపీ ఖాయం.

వాస్తవం: బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, ఆర్‌బీఐలు (తను ఆడినప్పుడు జట్టుకి వచ్చిన రన్లు) మూడింట్లోనూ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచి కూడా ఓడినవాళ్లున్నారు. 1933లో చక్ క్లైన్, 1934లో లూ గెరిగ్, 1942లోనూ 1947లోనూ టెడ్ విలియమ్స్. 1947లో ఆయన జో డిమాజియో చేతిలో 202-201తో, ఒకే ఒక్క పాయింటుతో ఓడాడు.

ఆ మూడింట్లో ఆర్‌బీఐ బలహీనమైన కొలత. ముందున్నవాళ్లు బేస్ మీదికి చేరితేనే వెనకున్నవాడికి ఆర్‌బీఐ దొరుకుతుంది. లీడాఫ్‌లో, అంటే అందరికన్నా ముందు, ఆడేవాడు ప్రతి మ్యాచ్‌నీ ఖాళీ బేసులతో మొదలుపెడతాడు. బ్యాటింగ్ సగటు వాక్‌ల్ని (నాలుగు తప్పు బంతులకి ఉచితంగా దొరికే బేస్) లెక్కే చెయ్యదు. స్థూలంగా చూస్తే ఒక వాక్ విలువ 0.3 రన్, సింగిల్ విలువ 0.45, హోమ్ రన్ విలువ 1.4. వీటన్నిటినీ కలిపి, స్టేడియాన్ని బట్టి సర్దిన కొలత కావాలంటే డబ్ల్యూఆర్‌సీ ప్లస్ చూడండి. 100 అంటే సగటు, 150 అంటే సగటు కన్నా 50 శాతం మెరుగు.

అపోహ: కూర్స్ ఫీల్డ్‌లో కొట్టిన పరుగులు ఎందుకూ పనికిరావు.

వాస్తవం: కూర్స్ ఉన్న డెన్వర్ ఎత్తులో గాలి పల్చన, బంతి దూరం పోతుంది, నిజమే. దానికే సర్దుబాటు చేస్తారు. సర్దుబాటు చేసిన అంకె చూశాక "అయినా కూర్స్ కదా" అని మళ్లీ కొయ్యడమంటే ఒకే ఆదాయానికి రెండుసార్లు పన్ను వెయ్యడమే. కూర్స్ సొంత మైదానంగా ఆడిన 1997 ఎంవీపీ ల్యారీ వాకర్ కొట్టిన 49 హోమ్ రన్లలో 29 బయటి మైదానాల్లో కొట్టినవి.

అపోహ: వార్ ఎవరికి ఎక్కువుంటే వాళ్లకే ఇవ్వాలి, వాదన దేనికి?

వాస్తవం: ఇక్కడ కాస్త ఆగాలి. వార్ అంటే మైనర్ లీగ్ నుంచి అప్పటికప్పుడు తెచ్చుకోగల ఆటగాడి కన్నా ఇతను జట్టుకి ఎన్ని గెలుపులు ఎక్కువ ఇచ్చాడన్న అంచనా. అలాంటివాళ్లతోనే నిండిన జట్టు 162 మ్యాచ్‌ల్లో దాదాపు 48 గెలుస్తుందని మొదలుపెడతారు. సుమారు పది రన్లకి ఒక గెలుపు. బ్యాటింగ్, బేస్ రన్నింగ్, ఫీల్డింగ్, ఆడే స్థానం అన్నీ రన్లలోకి మార్చి కలుపుతారు.

కానీ వార్ ఒకటి కాదు. బేస్‌బాల్ రిఫరెన్స్‌ది ఒకటి, ఫ్యాన్‌గ్రాఫ్స్‌ది ఇంకొకటి. 2025లో జడ్జ్‌కి మొదటిదాంట్లో 9.7, రెండోదాంట్లో 10.1. రాలీకి 7.4, 9.1. ఒక లెక్కలో తేడా 2.3, ఇంకో లెక్కలో సరిగ్గా 1. కారణం ఎక్కువగా ఫ్రేమింగ్. స్ట్రైక్ జోన్ (బ్యాటర్ ఆడాల్సిన పరిధి; అందులో పడితే స్ట్రైక్, బయట పడితే బాల్) అంచుకి తగిలీ తగలనట్టు వచ్చిన బంతిని గ్లవ్ కదలకుండా పట్టి, అంపైర్ చేత స్ట్రైక్ అనిపించే నేర్పు అది. ఒక బాల్ స్ట్రైక్‌గా మారితే రమారమి ఎనిమిదో వంతు రన్ మిగులుతుంది. ఏడాదిలో 80 బంతులు అలా తిప్పగలిగితే పది రన్లు, అంటే ఒక గెలుపు. ఫ్యాన్‌గ్రాఫ్స్ దీన్ని కలుపుతుంది, బేస్‌బాల్ రిఫరెన్స్ కలపదు. (2026 నుంచి అంపైర్ చెప్పిన బాల్, స్ట్రైక్‌లని సవాలు చేసే పద్ధతి వచ్చింది కాబట్టి ఈ నేర్పు విలువ కొంత తగ్గక మానదు.) క్యాచర్ గురించి వాదించేటప్పుడు ఎవరి వార్ అన్నది చెప్పకపోతే ఆ వాదనకి అర్థం లేదు.

పిచర్ల దగ్గర తేడా ఇంకా లోతు. ఫ్యాన్‌గ్రాఫ్స్ ముఖ్యంగా స్ట్రైకౌట్లు, వాక్‌లు, హోమ్ రన్లు చూస్తుంది. ఇంకోటి నిజంగా ఇచ్చిన రన్లతో మొదలుపెట్టి, వెనకున్న ఫీల్డర్ల సాయాన్ని తీసేస్తుంది. వచ్చే ఏడు ఈ పిచర్ ఎలా ఆడతాడో చెప్పడానికి మొదటి పద్ధతి మేలు. అవార్డు ఇచ్చేది మాత్రం జరిగిపోయిన సీజన్‌కి. అందుకే ఓటుకి రెండోదే దగ్గర అని మా అభిప్రాయం.

ఇక ఫీల్డింగ్ అంకెలు ఒక్క సీజన్‌కి బాగా ఊగుతాయి. ఇద్దరి మధ్య వార్ తేడా ఒకటి లోపు ఉంటే సమానమనే అనుకుని, మిగతా విషయాలు చూడటం మంచిది. 8.4 ఉన్నవాడు 8.1 ఉన్నవాడి కన్నా గొప్ప అని తేల్చేస్తే అది లెక్క కాదు, మొండితనం.

2025 విషయానికొస్తే, రాలీ 60 హోమ్ రన్లు క్యాచర్లలో ఎవరూ చేరని ఎత్తు. అంతకుముందు రికార్డు 2021లో సాల్వడార్ పెరెజ్ కొట్టిన 48. కానీ జడ్జ్ సగటు .331, ఓపీఎస్ (బేస్ చేరే రేటు, కొట్టే బలం కలిపిన అంకె) 1.144. రాలీ సగటు .247, ఓపీఎస్ .948. ఫ్రేమింగ్ కలిపినా జడ్జే కొంచెం ముందున్నాడు. రాలీకి పడ్డ 13 ఓట్లు తప్పేమీ కాదు, ఫలితం కూడా తప్పు కాదు.

అపోహ: ఫీల్డింగ్ చెయ్యని డీహెచ్‌కి ఎంవీపీ ఇవ్వడం అన్యాయం.

వాస్తవం: ఆ లోటు వార్‌లో ముందే కోతపడి ఉంటుంది. ఫ్యాన్‌గ్రాఫ్స్ లెక్కలో 162 మ్యాచ్‌లకి క్యాచర్‌కి 12.5 రన్లు, షార్ట్‌స్టాప్‌కి 7.5 కలుపుతారు. లెఫ్ట్, రైట్ ఫీల్డర్లకి 7.5, ఫస్ట్ బేస్‌మన్‌కి 12.5, డీహెచ్‌కి 17.5 తీసేస్తారు. 2024లో ఒటానీ పిచింగ్ చెయ్యలేదు, ఫీల్డింగూ చెయ్యలేదు. షార్ట్‌స్టాప్ ఫ్రాన్సిస్కో లిండార్‌తో పోలిస్తే ఆడకముందే పాతిక రన్లు, అంటే రెండున్నర గెలుపులు వెనక. దాన్ని 54 హోమ్ రన్లతో, 59 స్టీల్స్‌తో (బంతి కొట్టకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ దక్కించుకోవడం) దాటాడు. ఒక స్టీల్ విలువ 0.2 రన్, దొరికిపోతే నష్టం 0.4 పైన. ఆయన దొరికింది 4 సార్లే. ఒక్క స్టీల్స్‌తోనే నికరంగా పది రన్లు. పూర్తికాలం డీహెచ్‌గా ఆడి ఎంవీపీ గెలిచిన మొదటివాడు ఆయనే.

అపోహ: క్లచ్ అనేది భ్రమ, కీలక సమయంలో కొట్టినవాటిని పట్టించుకోకూడదు.

వాస్తవం: ఒక ఏడు కీలక సమయంలో బాగా కొట్టినవాడు మరుసటి ఏడూ కొడతాడని నమ్మకం లేదు. కాబట్టి కాంట్రాక్టు రాసేవాళ్లు దాన్ని పక్కన పెట్టడం సబబే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కొట్టిన హోమ్ రన్ ఆ రోజు మ్యాచ్ గెలిపించిన మాట మాత్రం అబద్ధం కాదు. గెలుపు అవకాశం ఎంత మారిందో కొలిచే డబ్ల్యూపీఏ చూడండి. ఇద్దరు సమానంగా ఉన్నప్పుడు దీనితో తేల్చుకోవడంలో తప్పులేదు.

అపోహ: సీజన్ మధ్యలో లీగ్ మారినవాడికి మొత్తం అంకెలు కలుస్తాయి.

వాస్తవం: కలవవు. ఏ లీగ్ ఓటు ఆ లీగ్‌లో ఆడినదానికే. 2008లో అమెరికన్ లీగ్ నుంచి మధ్యలో వచ్చిన మానీ రమిరెజ్ డాడ్జర్స్‌కి ఆడింది 53 మ్యాచ్‌లే, .396 సగటుతో 17 హోమ్ రన్లు కొట్టి నేషనల్ లీగ్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్నాడు. ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో చూడాలని నిబంధనల్లో ఉంది, కనీసం ఇన్ని ఆడాలని మాత్రం లేదు. 1980 విజేత జార్జ్ బ్రెట్ ఆడింది 117.

అపోహ: ఇది పేరుకోసం ఇచ్చే అవార్డు, డబ్బుతో పనిలేదు.

వాస్తవం: 2022 ఒప్పందం ప్రకారం, ఇంకా జీతం బేరమాడే హక్కు రాని కుర్రాళ్ల కోసం ఏటా 5 కోట్ల డాలర్ల బోనస్ నిధి ఉంది. అందులోంచి ఎంవీపీ గెలిచిన కుర్రాడికి 25 లక్షల డాలర్లు, రెండో స్థానానికి 17.5 లక్షలు. సియాటిల్‌కే ఆడే హూలియో రోడ్రిగెజ్ కాంట్రాక్టులో తర్వాతి ఏళ్ల మొత్తం కూడా ఎంవీపీ ఓటింగ్‌లో వచ్చిన స్థానాల్ని బట్టే పెరుగుతుంది. అంటే ఒక విలేకరి అయిదో గడిలో ఎవరి పేరు రాశాడన్నది ఇంకొకరి జీతానికి తగులుతుంది. ఫలితం వచ్చాక ఎవరి బ్యాలెట్ ఏమిటో పేర్లతో సహా బయటపెడుతున్నారు కూడా.