వెళ్లొద్దంటుంది ప్రభుత్వం, వర్తించదంటుంది పాలసీ

2020 మార్చి 17న బ్రిటన్ విదేశాంగ శాఖ తన పౌరులకు ఓ సలహా ఇచ్చింది: తప్పనిసరైతే తప్ప ఏ దేశానికీ వెళ్లొద్దని. రెండు రోజులకే అమెరికా అన్నిటికంటే తీవ్రమైన నాలుగో స్థాయి హెచ్చరికను ప్రపంచమంతటికీ ప్రకటించింది. టికెట్లకు, హోటళ్లకు ముందే డబ్బు కట్టేసినవాళ్లు టెన్షన్‌తో ప్రయాణ బీమా పాలసీ కాగితాలు తిరగేశారు. మహమ్మారి వల్ల వచ్చే నష్టానికి పరిహారం ఉండదన్న షరతు చాలామందికి అప్పుడే కంటపడింది.

ఆ షరతు కరోనాతో పుట్టింది కాదు. 2003 ఏప్రిల్‌లో సార్స్ అనే అంటువ్యాధి ప్రబలుతున్నప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందు హాంకాంగ్, గ్వాంగ్‌డాంగ్‌లకు, అదే నెలలో తర్వాత టొరంటోకు ప్రయాణాలు వాయిదా వేసుకోమంది. ఆ తర్వాత చాలా బీమా కంపెనీలు అంటువ్యాధులను మినహాయింపుల జాబితాలో చేర్చాయి. వాటి లెక్క వాటికుంది. సామాను పోవడం, కాలు విరగడం అందరికీ ఒకేసారి జరగవు; ప్రభుత్వం నోట ఒక్క మాట వస్తే మాత్రం లక్షల ప్రయాణాలు ఒకే రోజు రద్దవుతాయి.

ఇంకో మెలిక తేదీది. వైరస్ సంగతి లోకానికి తెలిశాక కొన్న పాలసీకి ఆ నష్టం వర్తించదంటూ చాలా కంపెనీలు 2020 జనవరిలోనే ఒక గడువు తేదీ పెట్టుకున్నాయి. ఒకే విమానంలో పక్కపక్క సీట్లు బుక్ చేసుకున్న ఇద్దరిలో డిసెంబరులో పాలసీ తీసుకున్నవారి క్లెయిమ్ పరిశీలనకు వెళ్తుంది, ఫిబ్రవరిలో తీసుకున్నవారిది తిరిగొస్తుంది.

అసలు చిక్కు మరొకటి. ప్రభుత్వం ఇచ్చేది సలహా, నిషేధం కాదు. విమానం నడుస్తోంది కాబట్టి ఎయిర్‌లైన్ రీఫండ్ ఇవ్వనంటుంది. భయపడి మీ అంతట మీరే మానుకున్నారని బీమా కంపెనీ అంటుంది. పోనీ తెగించి వెళ్తే, బ్రిటన్‌లో చాలా పాలసీలు మొత్తంగానే చెల్లకుండా పోతాయి. వెళ్లిన దేశంలో ఆసుపత్రి పాలైతే ఆ బిల్లూ మీదే. ప్రభుత్వం మాట విన్నవాడు కట్టిన డబ్బు పోగొట్టుకుంటాడు, విననివాడు రక్షణ పోగొట్టుకుంటాడు. ఇది అన్యాయం.

కరోనా తర్వాత కొంత మారింది. ప్రయాణికుడికే పాజిటివ్ వస్తే చెల్లించే పాలసీలు వచ్చాయి. ఏ కారణంతో మానుకున్నా ఖర్చులో 50 నుంచి 75 శాతం తిరిగిచ్చే బీమా కవర్ అమెరికాలో ముందు నుంచే ఉంది. కానీ టికెట్‌కు తొలి సొమ్ము కట్టిన రెండు మూడు వారాల్లోపే దాన్ని కొనాలి, ప్రీమియమూ ఎక్కువే. ప్రభుత్వ హెచ్చరిక వల్ల రద్దయ్యే ప్రయాణాలకైతే చాలా చోట్ల ఇప్పటికీ విడిగా అదనపు కవర్ తీసుకోవాల్సిందే, అదీ హెచ్చరిక రాకముందే.