పొదలను కోసుకుపోయే గుండు: మిన్నెసోటా షాట్‌గన్ జోన్ గొడవ వెనక పెన్సిల్వేనియా లెక్క

దక్షిణ మిన్నెసోటాలో కౌంటీ బోర్డు మీటింగులంటే మామూలుగా రోడ్లకు కంకర, కాలువల పూడిక, పన్నుల మదింపు. ఇప్పుడు వాటి మధ్యలోకి జింకల వేట తూటా వచ్చింది. జింకల వేటకు రైఫిల్ వాడకూడదని, షాట్‌గన్‌లాంటివే వాడాలని హద్దు గీసిన దక్షిణ ప్రాంతాన్ని షాట్‌గన్ జోన్ అనేవారు. 2025లో రాష్ట్ర శాసనసభ దాన్ని ఎత్తేసింది. 2026 జనవరి 1 నుంచి రాష్ట్రమంతటా రైఫిల్‌తో జింకను వేటాడవచ్చు. అయితే ఒక మెలిక పెట్టారు. తమకు వద్దనుకున్న కౌంటీ సొంతంగా ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) చేసుకుని పాత షాట్‌గన్ నిబంధనను ఉంచుకోవచ్చు. దాంతో రాజధానిలో తేలిపోయిన గొడవ పల్లెల్లో మళ్లీ రాజుకుంది.

రైఫిల్ వద్దనేవాళ్ల నోట వినిపించే మాటలు ముఖ్యంగా రెండు. రైఫిల్ గుండు మైళ్ల దూరం పోతుంది, షాట్‌గన్ స్లగ్ (షాట్‌గన్‌లో వేసే బరువైన ఒంటి గుండు) తొందరగా నేలకు దిగుతుంది అన్నది మొదటిది. మా దగ్గర జింకలు పొదల్లోనే ఉంటాయి, పొదల్లోకి కాల్చాలంటే బరువైన స్లగ్గే కావాలి, అది కొమ్మలను కోసుకుంటూ పోతుంది అన్నది రెండోది. రెండూ ఒక తల్లి బిడ్డలే. పెద్దది, బరువైనది, నెమ్మదిగా పోయేది అయితే చెప్పినట్టు వింటుందన్న నమ్మకం నుంచి పుట్టాయి.

షాట్‌గన్ జోన్ ఎందుకు పెట్టారో ఈ గొడవ చూస్తున్నవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. చదును పొలాలు, వాటి మధ్య ఇళ్లు, గుండుకు అడ్డుపడే కొండ గానీ గుట్ట గానీ లేకపోవడం. ఆ కథను అక్కడే వదిలేస్తాను. నా దృష్టిలో అసలు మలుపు మిన్నెసోటాలో లేదు. పెన్సిల్వేనియాలో ఉంది.

2004లో జింకల సీజన్‌లో, ఆ రాష్ట్రంలోని లీహై కౌంటీలో ఒక గర్భిణి తన ఇంటి ముందు కారులో కూర్చుని ఉండగా ఎక్కడినుంచో వచ్చిన రైఫిల్ గుండు తలకు తగిలింది. ఆమె బతికింది. జనం మాత్రం వణికిపోయారు. ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్ నగరాల చుట్టూ అప్పటికే రైఫిల్ నిషేధం ఉంది, దాన్ని మిగతా జనసమ్మర్ద ప్రాంతాలకూ పాకించాలని డిమాండ్ వచ్చింది. అప్పుడు అక్కడి శాసనసభ ఒక మంచి పని చేసింది. నిషేధం పెట్టే ముందు, షాట్‌గన్ నిజంగానే రైఫిల్ కన్నా తక్కువ ప్రమాదకరమా అన్న ప్రశ్నకు లెక్క తేల్చమని తన బడ్జెట్ కమిటీకి అప్పగించింది. అంతకుముందు దశాబ్దాల తరబడి రాష్ట్రాలు అవునని అనుకుని చట్టాలు రాసుకున్నాయి. తూకం వేసి చూసినవాళ్లు దాదాపు లేరు.

2007లో నివేదిక వచ్చింది. మూడు తుపాకులను పోల్చారు: 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండ్ల బరువు కొలిచే చిన్న తూకం) మెత్తమొన గుండుతో పాయింట్ 30-06 అనే తూటా కాల్చే రైఫిల్, 385 గ్రెయిన్ల స్లగ్‌తో 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత) షాట్‌గన్, మందు దట్టించి కాల్చే మజిల్‌లోడర్. గొట్టాన్ని 35 డిగ్రీలు పైకెత్తి కాలిస్తే రైఫిల్ గుండు రెండున్నర మైళ్లు దాటిపోతుంది, స్లగ్ రెండు మైళ్ల దగ్గర ఆగుతుంది. ఇక్కడివరకూ జనం నమ్మకమే నిజం. స్లగ్ కూడా రెండు మైళ్లు పోతుందన్న సంగతి చాలామంది ఊహించి ఉండరు, అది వేరే మాట.

కానీ జింక ఆకాశంలో ఉండదు. వేటగాడు కాల్చేది నేలకు దాదాపు సమాంతరంగా, మూడడుగుల ఎత్తు నుంచి. ఆ కోణంలో లెక్క తిరగబడింది. రైఫిల్ గుండు దాదాపు 1,400 అడుగుల దగ్గర మొదటిసారి నేలను తాకుతుంది, స్లగ్ 840 అడుగుల దగ్గరే తాకుతుంది. అక్కడితో ఆగితే స్లగ్‌దే గెలుపు. రెండూ ఆగవు. చెరువు మీద విసిరిన పెంకులా నేలను తాకి మళ్లీ లేస్తాయి. అలా లేచి పోయిన దూరం కూడా కలిపితే రైఫిల్ గుండు దాదాపు 4,800 అడుగుల దగ్గర ఆగితే, స్లగ్ దాదాపు 5,200 అడుగుల దాకా వెళ్తుంది. అంటే ఇంచుమించు ఒక మైలు.

కారణం గుండు తయారీలోనే ఉంది. జింకల వేటకు వాడే మెత్తమొన రైఫిల్ గుండు వేగంగా పోయి నేలను తాకగానే నలిగి, చిట్లి, బరువూ రూపమూ పోగొట్టుకుంటుంది. స్లగ్ నెమ్మదిగా వచ్చి తాకుతుంది, బరువెక్కువ, ముద్దలా ఉంటుంది, అంతగా చితకదు. ఉన్న బలాన్ని పెద్దగా పోగొట్టుకోకుండానే ఎగురుతుంది. బరువుంది కాబట్టే క్షేమం అనుకున్న చోట ఆ బరువే దాన్ని దూరం తీసుకుపోయింది.

నివేదిక రైఫిల్‌కు పూర్తి మార్కులు వేయలేదు. గొట్టం పైకి లేచే కొద్దీ షాట్‌గన్, మజిల్‌లోడర్ రెండూ రైఫిల్ కన్నా తక్కువ ప్రమాదమని స్పష్టంగానే రాసింది. కొండవాలు మీద ఉన్న జింకను కింద నుంచి కాల్చేవాడి విషయంలో అది నిజం. నిషేధం ఉండాలనేవాళ్లు ఈ వాక్యాన్నే చూపిస్తారు, చూపించడంలో తప్పులేదు. అయితే ఎగిరే గుండును అదుపు చేయకుండా షాట్‌గన్‌ను భద్రతా మార్గంగా నమ్ముకోలేమని కూడా అదే నివేదిక చెప్పింది. మిన్నెసోటా దక్షిణాన కొండవాలు తక్కువ, చదునే ఎక్కువ. కాబట్టి ఆ రెండో వాక్యమే మనకు ఎక్కువ వర్తిస్తుందని నేననుకుంటాను.

నాకు ఇది దూరపు సంగతి కాదు. ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్) శివార్లలో మన తెలుగువాళ్లు కొనుక్కున్న కొత్త ఇళ్లు చాలావరకు నిన్నటి మొక్కజొన్న చేలే. మా వీధి చివర ఇప్పటికీ చేను ఉంది. పిల్లలు స్కూలు బస్సు ఎక్కేది దాని గట్టు పక్కనే. నవంబరు పొద్దున దూరంగా ఢాం అని వినబడితే అది ఏ తుపాకీ చప్పుడో నాకు తెలియదు. ఆ తుపాకీలోది షాట్‌గన్ స్లగ్ అయితే నిశ్చింతగా ఉండొచ్చని మాత్రం ఆ నివేదిక చదివాక నేను అనుకోవడం లేదు.

ఇక పొదల సంగతి. కోత అయిపోయిన చేలో జింక నిలబడదు. వాగుల పక్క విల్లో పొదల్లోకి, నీటి మడుగుల చుట్టూ మనిషెత్తు పెరిగిన జమ్ములోకి, బక్‌థార్న్ ముళ్లలోకి పోతుంది. మన కొల్లేరు ఒడ్డున జమ్ము చూసినవాళ్లకు అందులో నాలుగు బారల అవతల ఏముందో కనబడదని తెలుసు. అక్కడ ముప్పై, నలభై గజాల దూరంలో చెవి ఒకటి కదులుతుంది, వెన్నుగీత ఒక ముక్క కనబడుతుంది. మధ్యలో పెన్సిలంత మందం కొమ్మలు పదో ఇరవయ్యో అడ్డం ఉంటాయి.

వాటిని కోసుకుపోయే గుండు లేదు. గుండ్రటి కర్రపుల్లలను వరసగా పాతి, వెనక కాగితం పెట్టి, తేలిక గుండ్ల నుంచి స్లగ్‌ల దాకా కాల్చి చూసినవాళ్లు తరతరాలుగా ఉన్నారు. పుల్లకు సరిగ్గా తగిలితే అన్నీ పక్కకు పోతాయి. ఎంత పక్కకు అన్నదే తేడా. ఒక గుండు రెండు డిగ్రీలు తిరిగిందనుకుందాం. పుల్లకు మీటరు వెనకే జింక ఉంటే గురి తప్పేది మూడున్నర సెంటీమీటర్లు, వేటగాడికి తెలియను కూడా తెలియదు. జింక ఇరవై మీటర్ల వెనక ఉంటే తప్పేది 70 సెంటీమీటర్లు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పు పాతిక సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అంటే గుండు కడుపులోనో తొడలోనో దిగుతుంది. ఆ జింక అదే జమ్ములో పడి రాత్రంతా చస్తుంది. లేదా గుండు దేనికీ తగలకుండా పోతుంది, ఎక్కడికి పోతుందో పైన చెప్పుకున్నాం.

మరి స్లగ్ పొదను కోస్తుందన్న పేరు ఎలా వచ్చింది? ఆ పేరు మొదట స్లగ్‌ది కాదు, 1895లో వించెస్టర్ తెచ్చిన పాయింట్ 30-30 తూటాది. దాన్ని కాల్చే మోడల్ 1894 రైఫిల్ పొట్టిది, తేలికది, మీటను కిందికి తోసి మళ్లీ పైకి లాగితే రెండో తూటా సిద్ధం. కొమ్మలకు తట్టుకోకుండా పొదల్లో తిప్పుకోవచ్చు, చటుక్కున భుజానికెత్తుకోవచ్చు. పొదల్లో జింక ఎలాగూ దగ్గరలోనే ఉంటుంది కాబట్టి దెబ్బ కూడా గట్టిగానే తగిలేది. తుపాకీ సంపాదించిన పేరును జనం గుండుకు కట్టబెట్టారు. గుండు మొన మొద్దుగా ఉండటం చూసి కొమ్మలు నరకడానికేనని అనుకున్నవాళ్లూ ఉన్నారు. అసలు కారణం వేరు. ఆ రైఫిల్‌లో తూటాలు గొట్టం కింద ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మొన సూదిగా ఉంటే ముందు తూటా వెనకభాగంలోని పేలుడు మూతను పొడిచే ప్రమాదం ఉంది. అందుకే మొద్దు మొన.

బరువు సంగతి మన తూకంలో చెప్పుకుంటే తేలిక. పాతకాలపు తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. పాయింట్ 30-30లో వాడే 170 గ్రెయిన్ల గుండు తులానికి కాస్త తక్కువ. ఔన్సు స్లగ్ రెండున్నర తులాలకు దగ్గర. చేతిలోకి తీసుకుంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది: ఒకటి ఎర్రటి రాగి తొడుగు వేసుకుని మొన దగ్గర మాత్రం బూడిదరంగు సీసం బయటపెట్టిన సన్నటి గుండు, ఇంకోటి బొటనవేలి కొసంత లావున్న సీసం ముద్ద. ఆ ముద్దను చూసినవాడికి ఇది కొమ్మలను లెక్కచేయదనిపించడం సహజం.

కాబట్టి పొదల్లో వేటకు ఏ తూటా అన్న ప్రశ్నకు అనుభవజ్ఞులు ఇచ్చే జవాబు సాదాగా ఉంటుంది. పలచటి తొడుగుతో, తేలికగా, విపరీతమైన వేగంతో పోయే గుండు వద్దు. చిన్న జంతువుల కోసం చేసిన అలాంటి గుండు ఆకు కాడకు తగిలినా చిట్లవచ్చు. గుండు లావుకు తగ్గ బరువు, మందమైన తొడుగు, మధ్యస్థ వేగం ఉన్నది తీసుకోవాలి. పాయింట్ 30-30లో 150, 170 గ్రెయిన్లు, పాయింట్ 35 రెమింగ్టన్‌లో 200 గ్రెయిన్లు ఆ కోవలోవి. తీసుకున్నాక కూడా కొమ్మల మధ్య సందు దొరికేదాకా ఆగాలి. సందు దొరక్కపోతే కాల్చకూడదు.

2007 తర్వాత రాష్ట్రాలు ఒక్కొక్కటే కదిలాయి. ఆ నివేదిక ఒక్కటే కారణమని అనను, కానీ షాట్‌గన్ అంటే క్షేమం అన్న మాటకు మునుపటి బలం పోయింది. పొరుగున ఉన్న విస్కాన్సిన్ 2013లో రైఫిల్‌ను రాష్ట్రమంతటా అనుమతించింది. ఒహాయో, మిషిగన్ 2014లో, అయోవా 2017లో మధ్యేమార్గం పట్టాయి. తూటా ఇత్తడి గుల్ల సీసా మెడలా సన్నబడకుండా గ్లాసులా నిటారుగా ఉంటే చాలు, రైఫిల్ వాడుకోవచ్చన్నాయి. అలాంటి గుల్లలో పట్టే మందు తక్కువ, గుండు వేగం తక్కువ. 2019లో వించెస్టర్ సరిగ్గా ఆ నిబంధనలో ఇమిడేలా పాయింట్ 350 లెజెండ్ తూటాను తెచ్చింది. కాల్చినప్పుడు తుపాకీ భుజాన్ని తక్కువ తంతుంది కాబట్టి కుర్రాళ్లకూ ఆడవాళ్లకూ నచ్చింది. ఇల్లినాయి కూడా 2023లో ఒక్క తూటా పట్టే రైఫిళ్లతో ఈ దారిలోకి వచ్చింది. మిన్నెసోటా ఈ మెట్టు ఎక్కకుండా నేరుగా పూర్తి అనుమతికి వెళ్లింది. నాకైతే మధ్యలో ఈ మెట్టు ఉంటే కౌంటీల్లో ఇంత రభస ఉండేది కాదనిపిస్తుంది.

ఇంకో సంగతి ఈ చర్చలో ఎందుకో వెనకబడిపోతోంది. షాట్‌గన్ అనగానే లోపల నున్నటి గొట్టం ఉన్న తాతలనాటి తుపాకీ గుర్తొస్తుంది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు కోసిన షాట్‌గన్లు, ప్లాస్టిక్ తొడుగులో పెట్టిన సన్నటి స్లగ్‌లు వచ్చి దశాబ్దాలైంది. వాటితో నూటయాభై గజాల పైన కూడా జింకను కొడుతున్నారు. చట్టం పుస్తకంలో అది షాట్‌గన్నే. పని మాత్రం రైఫిల్‌ది. పెన్సిల్వేనియా లెక్కలో ఒక మైలు దాకా పోయింది ఆ కొత్తరకం స్లగ్గే.

ఆర్డినెన్స్ కోరేవాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పొలం మధ్య ఇంట్లో ఉండి, గోడకు గుండు తగిలిన రోజును చూసినవాళ్లకు కోణాల లెక్కలు ఓదార్పు కావు. ఒక పొరపాటు పైకి గురిపెట్టి జరిగితే రైఫిల్ చేసే హాని పెద్దదే. కానీ ప్రమాదాల చిట్టా చూస్తే గుండు తగిలేది ఎక్కువగా అదే బృందంలోని తోటి వేటగాడికి, లేదా తన తుపాకీతో తనకే. కొందరు పొదల్లోకి దిగి అదిలిస్తూ ఉంటే అవతల ఇంకొందరు కాచుకుని కాల్చే పద్ధతి ఉంది. జింక బయటికి దూకినప్పుడు దాని వెనక పొదల్లో మన మనిషే ఉంటాడు. అక్కడ షాట్‌గన్, రైఫిల్ తేడా చూసేది ఎవరు?

కౌంటీలకు కొత్త చట్టం ఇచ్చింది తుపాకీ రకాన్ని షాట్‌గన్‌కు పరిమితం చేసే అధికారం. గుండు చిట్లేదా చిట్లనిదా, వేటగాడు నేల మీద నిలబడ్డాడా పదిహేనడుగుల మంచె ఎక్కాడా అన్నవి ఆ అధికారం కిందికి రావు. మంచె మీద నుంచి కాలిస్తే గుండు కిందికి వాలి జింక వెనక నేలలోకి దిగే అవకాశం పెరుగుతుంది. మా కౌంటీ విచారణలో మాట్లాడే అవకాశం వస్తే నేను అడగదలచుకున్నది ఒక్కటే: ఓటు వేసే ముందు ఆ 2007 నివేదికలోని సమాంతర కోణం పట్టికను బోర్డు సభ్యులందరికీ పంచండి. రైఫిల్‌కు తలుపు తెరిచాక వచ్చే మొదటి సాధారణ తుపాకీ జింకల సీజన్ 2026 నవంబరు 7, శనివారం, సూర్యోదయానికి అరగంట ముందు మొదలవుతుంది.