శ్రమలు, తగ్గింపు, నమ్మకం: మంచం పక్కన వినిపించే కొన్ని అపోహలు

ఆదివారం వాక్యం చెప్పడం పాస్టరుగా నా పనిలో చిన్న భాగం. మిగతా వారమంతా జబ్బుపడ్డవాళ్ల దగ్గరా, చావు జరిగిన ఇళ్లలోనూ గడుస్తుంది. అక్కడ తరచూ నా చెవిన పడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. అన్నీ భక్తిగా వినిపించేవే. వీటిలో సగం ఒకప్పుడు నేను కూడా చెప్పినవే.

అపోహ: శ్రమలు వస్తే మనిషి తనంతట తానే తగ్గింపు (అహం లేని దీనత్వం) నేర్చుకుంటాడు.

అలాగైతే ఇశ్రాయేలీయులను బానిసలుగా పట్టి ఉంచిన ఐగుప్తు రాజు ఫరో అందరికంటే దీనుడై ఉండాలి. పది తెగుళ్లు చూశాడాయన. తెగులు మీద ఉన్నంతసేపూ "ప్రార్థన చేయండి" అని ఇశ్రాయేలీయుల నాయకుడు మోషేను బతిమాలేవాడు, అది తగ్గగానే గుండె మళ్లీ బండబారేది. ఆపరేషన్ ముందు రాత్రి చేసిన మొక్కుబడులు డిశ్చార్జి కాగితంతో పాటే మడిచిపెట్టిన వాళ్లను నేను కూడా చూశాను. నొప్పి కొందరిని మెత్తబరుస్తుంది, కొందరిని చేదెక్కిస్తుంది. మూడో రకం కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు: కష్టాన్నే బిరుదుగా చేసుకునేవాళ్లు. "నేను పడ్డన్ని బాధలు నువ్వు పడ్డావా?" అని అడిగేటప్పుడు ఆ గొంతులో ఉండేది అచ్చమైన గర్వమే.

ఆ బానిసత్వం నుంచి బయటపడ్డ ఇశ్రాయేలీయులు అరణ్యంలో నడిచిన 40 ఏళ్ల గురించి బైబిల్లోని ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయం చెప్పే తీరు చూడండి. అణచడం, ఆకలిగొననివ్వడం, ఆ వెంటనే మన్నా (ఆకాశం నుంచి దేవుడు కురిపించిన ఆహారం) పెట్టడం. ఈ మూడూ ఒకే వరసలో వస్తాయి. మన్నా లెక్క తలకు ఒక ఓమెరు (అప్పటి ఒక కొలత), అదీ ఆ రోజుకే. రేపటికని దాచితే పురుగు పట్టి కంపు కొట్టేది, విశ్రాంతి దినానికి ముందు రోజు తప్ప. ఆకలి ఒక్కటే వాళ్లకు ఏదీ నేర్పలేదు, ఆకలితో సణిగారు కూడా. ఖాళీ గిన్నెతో పడుకుని పొద్దున్నే లేచి మళ్లీ బయటికి వెళ్లి ఏరుకోవడం, అదే రోజూ చేయడం, నమ్మకాన్ని అలవాటు చేసింది. దీర్ఘకాలం జబ్బుతో ఉన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. వాళ్ల ప్రార్థనలు కూడా చిన్నవైపోతాయి: ఈ పూట గడిస్తే చాలు ప్రభువా.

అపోహ: ఏదో పాపం చేసి ఉంటాడు, అందుకే.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే అడిగారు, వీడు పాపం చేశాడా, వీడి తలిదండ్రులా అని. రెండూ కావన్నాడు యేసు. సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది మిగతా యెరూషలేమువాళ్లకంటే ఎక్కువ అపరాధులు కారని కూడా ఆయనే చెప్పాడు. ఇంతకంటే స్పష్టంగా ఎలా చెప్పాలి?

అపోహ: ప్రతి బాధకూ ఒక కారణం ఉంటుంది, దాన్ని విప్పి చెప్పడమే ఓదార్పు.

నేను ఎక్కువ నష్టం చేసింది ఇక్కడే. పరిచర్య మొదలుపెట్టిన కొత్తలో, బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లికి దేవుని ఉద్దేశం ఏమిటో పావుగంట వివరించాను. ఆమె నన్ను మధ్యలో ఆపలేదు. తర్వాత చాలాకాలం మందిరానికి రాలేదు.

నీతిమంతుడైనా పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్నవాడు బైబిల్లోని యోబు. అతని స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు మొదట చేసిన పని నిజంగా గొప్పది. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేలమీద కూర్చున్నారు, ఒక్క మాట ఎత్తలేదు. నోరు తెరిచాకే చెడింది. వాళ్ల మాటలు విడివిడిగా చూస్తే చాలావరకు మన ప్రసంగాల్లాగే ఉంటాయి. చివర దేవుడు కోపపడింది మాత్రం వాళ్లమీద. తనను నిలదీసిన యోబే యుక్తంగా పలికాడన్నాడు. మరో సంగతి, యోబుకు కారణం ఎప్పటికీ తెలియదు. పరలోకంలో దేవునికీ సాతానుకూ జరిగిన సంభాషణ చదివే మనకు తెలుసు, అతనికి ఎవరూ చెప్పలేదు. సుడిగాలిలోంచి దేవుడు ప్రశ్నలే అడిగాడు.

"చివరికి రెండంతలు ఇచ్చాడుగా" అని ముగించేస్తాం మనం. లెక్క చూడండి. గొర్రెలు 7,000 ఉండేవి, 14,000 అయ్యాయి. పిల్లలు మాత్రం పదిమందికి పదిమందే. పోయినవాళ్లు తిరిగిరాలేదు. యోబు గుడారంలో ఆ పది పేర్లు ఎవరూ తలవకుండా ఉన్నారనుకోను.

తెలియదని ఒప్పుకోవడం బాధపడేవాడికంటే పరామర్శకు వెళ్లినవాడికి కష్టం. చేతిలో బైబిలుతో వెళ్లి ఊరికే కూర్చుంటే పని చేయనట్టు ఉంటుంది మరి.

అపోహ: నమ్మకం ఉన్నవాడు ఏడవడు, అడగడు.

బైబిల్లోని కీర్తనలు 150లో సుమారు మూడోవంతు మొరలే. 88వ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర స్తుతి కూడా ఉండదు. తనను పట్టుకోబోయే రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఒకే ప్రార్థన మూడుసార్లు చేశాడు. అపొస్తలుడు పౌలు, శరీరంలో ముల్లు అని తాను పిలిచిన బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. ఆ ముల్లు ఏమిటో అతను ఎక్కడా చెప్పడు. అదే మంచిదైంది, ఎవరి ముల్లు వాళ్లు అక్కడ పెట్టుకుని చదువుకోవచ్చు.

అపోహ: తగ్గింపు అంటే తనను తాను కించపరచుకోవడం.

నాకు ఆపరేషన్ అయిన వారం, పక్కమీదే ఒళ్లు తుడిపించుకోవాల్సి వచ్చింది. "నేను చేసుకుంటాను" అని మూడురోజులు మొండికేశాను. నలుగురికి సేవ చేసే మనిషినని పేరు నాకు, చేయించుకోవడం మాత్రం చేతకాలేదు. కాళ్లు కడగడానికి యేసు వంగితే "నీవెన్నడూ నా పాదాలు కడగకూడదు" అన్న శిష్యుడు పేతురు నాలుగో రోజున అర్థమయ్యాడు. తగ్గింపంటే తనను తిట్టుకోవడం కాదు, ఇంకొకరి సేవను ఒప్పుకోవడం కూడా.

అపోహ: వైద్యుని దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం.

యూదా రాజు హిజ్కియా పుండుకు యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. చచ్చిపోవాలనుకుని చెట్టు కింద పడుకున్న ప్రవక్త ఏలీయాకు దేవదూత మొదట ఇచ్చింది రొట్టె, నీళ్లు. మధ్యలో నిద్ర కూడా పోనిచ్చాడు. మందులు వేసుకోండి.

అపోహ: కొట్టేవాణ్ణి భరించడమే దీనత్వం.

దీన్ని నేను మెత్తగా చెప్పలేను. వచ్చిపడే శ్రమ వేరు, పక్కనున్న మనిషి రోజూ చేసే హింస వేరు. శ్రమల్లో ఆనందించమని రాసిన పౌలే తనను పట్టుకోబోయినవాళ్ల నుంచి దమస్కు పట్టణపు గోడమీంచి గంపలో దిగి తప్పించుకున్నాడు. కొరడాలతో కొట్టబోతే "రోమా పౌరుణ్ణి, నన్ను కొట్టడానికి మీకు అధికారముందా?" అని శతాధిపతిని (రోమా సైన్యాధికారిని) అడిగాడు. దెబ్బలు తిన్న మనిషి నా దగ్గరికి వస్తే ఇప్పుడు నేను మొదట అడిగేది ఈ రాత్రికి ఎక్కడ పడుకుంటావని. బైబిలు ఆ తర్వాత తెరుస్తాను.