దించగానే మేలుకునే పాప

రాత్రి రెండు దాటింది. పాప భుజం మీదే నిద్రపోయింది. చెయ్యి పైకెత్తి వదిలితే వాలిపోతోంది. ఊపిరి బిగబట్టి, నడుం వంచి, మెల్లగా పరుపు మీదికి దించారు. వీపు ఇంకా పూర్తిగా ఆననే లేదు, రెండు చేతులూ ఒక్కసారిగా బార్లా తెరుచుకున్నాయి, వేళ్లు విచ్చుకున్నాయి, మొహం కందిపోయింది. ఆ తర్వాత ఏం జరుగుతుందో పిల్లల్ని పెంచినవాళ్లకు చెప్పక్కర్లేదు.

చేతులు అలా విచ్చుకోవడాన్ని మోరో ప్రతిచర్య అంటారు. ఎర్న్‌స్ట్ మోరో అనే పిల్లల వైద్యుడు 1918లో దీన్ని వర్ణించాడు. తల ఆసరా తప్పి వెనక్కి వాలినట్టయితే చాలు, పడిపోతున్నానని ఒళ్లు ఉలిక్కిపడుతుంది. నాలుగు నుంచి ఆరు నెలల్లో ఇది దానంతటదే పోతుంది. అందాకా, దించేటప్పుడు తల కింద చెయ్యి చివరిదాకా ఉంచితే ఆ ఉలికిపాటు కొంత తగ్గుతుంది.

కొంతే. ఎందుకంటే గొడవ పరుపుతో కాదు. జపాన్‌లోని రికెన్ సంస్థలో కుమీ కురోడా బృందం పిల్లల గుండె కొట్టుకోవడాన్ని కొలుస్తూ, వాళ్లను ఎత్తుకోవడం, నడవడం, దించడం అన్నీ గమనించింది. వీపు పరుపుకు తగిలినప్పుడు కాదు, తల్లి ఒంటి నుంచి విడివడుతున్నప్పుడే గుండె లయ మారడం మొదలైంది. 2022లో వెలువడిన ఈ పరిశోధన ఒక చిట్కా కూడా చెప్పింది. ఏడుస్తున్న పాపను ఎత్తుకుని ఆగకుండా అయిదు నిమిషాలు నడవాలి. నిద్రపోయాక ఎత్తుకునే మరో అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చోవాలి. అప్పుడు దించాలి. చూసింది 21 మంది పిల్లల్నే కనుక దీన్ని శిలాశాసనం అనుకోనక్కర్లేదు. పోయేదేమీ లేదు కనుక ప్రయత్నించవచ్చు.

ఆ కూర్చునే నిమిషాలు ఎందుకు? పెద్దవాళ్లం కళ్లు మూశాక ముందు ప్రశాంతమైన నిద్రలోకి, చాలాసేపటికి కలల నిద్రలోకి వెళ్తాం. పసిపిల్లల వరస తిరగేసి ఉంటుంది. ముందు వచ్చేది కలత నిద్రే. రెప్పల కింద కనుగుడ్లు కదులుతుంటాయి, పెదవులు నవ్వినట్టు సాగుతాయి, ఊపిరి ఒకసారి గబగబా, ఒకసారి ఆగినట్టు ఉంటుంది. 1953లో కనుగుడ్ల కదలికల నిద్రను లోకానికి చెప్పిన యూజీన్ అసెరిన్‌స్కీ కూడా మొదట నిద్రపోయే పసిపిల్లల కళ్లనే గమనించాడు. పుట్టిన కొత్తలో రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతే అందులో సగం ఇలాంటిదే. పైగా గంటకోసారి నిద్ర మళ్లీ తేలికపడుతుంది. రాత్రీ పగలూ తేడా ఒంటికి పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

ఇదంతా విన్నాక, కదలకుండా మెదలకుండా నిద్రపోయేలా చేసే పక్క ఏదైనా ఉంటే బాగుండు అనిపిస్తుంది. అలాంటి ఉపాయం ఒకటి ఉండేది. బోర్లా పడుకోబెట్టడం. బోర్లా పడుకున్న పాప తక్కువ ఉలిక్కిపడుతుంది, ఎక్కువసేపు నిద్రపోతుంది. గత శతాబ్దం మధ్యలో చాలా దేశాల్లో వైద్యులే అలా పడుకోబెట్టమన్నారు. అసలు ప్రమాదం ఆ గాఢనిద్రలోనే ఉంది.

ముక్కు దగ్గర గాలి ఆడక, వదిలిన ఊపిరే మళ్లీ పీలుస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. మెదడు అది పసిగట్టి పాపను లేపాలి. పాప తల తిప్పాలి, లేదా ఏడవాలి. బోర్లా ఉన్నప్పుడు ఆ మెలకువ రావడం కష్టమవుతుంది, ఒళ్లు కూడా ఎక్కువ వేడెక్కుతుంది. కొందరు పిల్లల్లో మెదడులోని ఈ కాపలా పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది, అది పైకి తెలియదు. కారణం తెలియని ఆకస్మిక శిశు మరణాలు ఎక్కువగా రెండు, నాలుగు నెలల మధ్య జరుగుతాయి. వెల్లకిలా పడుకోబెట్టమని బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో ప్రచారాలు మొదలయ్యాయి. అమెరికాలో ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. అప్పటికే ఉన్న ఆధారాలను 1970 నాటికే కూడి చూసి ఉంటే, ఒక్క బ్రిటన్‌లోనే 10,000 మందికి పైగా పిల్లలు బతికేవారని 2005లో ఒక సమీక్ష లెక్కగట్టింది.

వెల్లకిలా పడుకుంటే పాలు కక్కి గొంతుకు అడ్డం పడతాయేమో అని భయం. నిజానికి ఆ భంగిమలో గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పైకొచ్చిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే ఎదురెక్కాలి. బోర్లా ఉంటే ఈ వరస తలకిందులవుతుంది.

కాబట్టి పక్క గట్టిగా, సమతలంగా, బోసిగా ఉండాలి. చేత్తో నొక్కి తీస్తే గుంట నిలవకూడదు. పరుపు మీద బిగుతుగా పరిచిన దుప్పటి, దాని మీద పాప, అంతే. దిండు, మెత్తటి బొమ్మలు, చుట్టూ కట్టే మెత్తలు, ఏవీ వద్దు. ఏటవాలు పక్క కూడా వద్దు. మెడ నిలవని పాప తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనితే, సన్నటి గాలిగొట్టం గొట్టం నొక్కినట్టు మూసుకుపోతుంది. కారు సీటులో నిద్రపోయిన పాపను ఇంటికి రాగానే తీసి పడుకోబెట్టమనేది అందుకే. గుడ్డలో చుట్టి పడుకోబెడితే మోరో ఉలికిపాటు తగ్గుతుంది, కానీ తుంటి దగ్గర కాళ్లు కదిలేంత వదులు ఉండాలి. బోర్లా పడే ప్రయత్నం మొదలైన రోజునే చుట్టడం మానాలి.

ఎక్కడ అన్నదే తెగని వాదన. కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, వేరే పక్క మీద అంటుంది అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ. పక్కపక్కనే పడుకునే తల్లీబిడ్డల మెలకువలు జతకూడతాయని, బిడ్డలు చనుబాలు ఎక్కువసార్లు తాగుతారని మానవశాస్త్రవేత్త జేమ్స్ మెక్‌కెన్నా చూపించాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నెల తక్కువగా, బరువు తక్కువగా పుట్టిన పాప ఉంటే, పక్కలో పొగ, మద్యం, నిద్రమాత్రల అలవాటున్నవాళ్లు ఉంటే మాత్రం ఒకే మంచం కుదరదు. వీటన్నిటికన్నా చెడ్డది సోఫా. మంచం మీద నిద్రపోతానేమోనన్న భయంతో సోఫాలో కూర్చుని పాలిస్తూ అక్కడే కునికేసే తల్లి, తెలియకుండానే చిన్న ప్రమాదం తప్పించుకుని పెద్ద దానిలో పడుతుంది.

ఆరో నెల వచ్చేసరికి ఆ ఉలికిపాటు ఉండదు. అటూ ఇటూ సొంతంగా దొర్లడం వచ్చిన పాపను రాత్రంతా కాపలా కాసి వెల్లకిలా తిప్పనక్కర్లేదు, పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా పెడితే చాలు. ఇక కొన్నాళ్లకు ఓ రాత్రి లేచి చూస్తే పాప తన చిన్న మంచం కమ్మీలు పట్టుకుని నిలబడి ఉంటుంది. అంతకుముందే పరుపును కిందిమెట్టుకు దించి ఉంచాలి.