రోబోట్స్ ఫైలు: 1994 నాటి ఒప్పందం, ఇప్పటి తికమకలు

కడియపులంకలో ఒక నర్సరీకి కొత్తగా వెబ్‌సైటు కట్టారనుకోండి. పని సాగుతున్నన్నాళ్లూ గూగుల్ కంట పడకూడదని డెవలపర్ రోబోట్స్ ఫైల్లో (robots.txt: సైటులో ఏవి చదవొచ్చో, ఏవి వద్దో సెర్చ్ ఇంజన్లకు చెప్పే చిన్న ఫైలు) ‘డిస్‌అలౌ: /’, అంటే ఏదీ చదవొద్దు, అని ఒక వరుస పెడతాడు. సైటు తెరిచాక దాన్ని తీయడం మరిచిపోతాడు. ఎన్నాళ్లు గడిచినా వెతికేవాళ్లకు మొక్కలూ కనబడవు, ధరలూ కనబడవు. అదే వరుసలో చివరి ఏటవాలు గీత చెరిపేసి ‘డిస్‌అలౌ:’ అని వదిలేస్తే అర్థం తిరగబడుతుంది, అన్నీ చూసుకోవచ్చని. (ఇక్కడ తెలుగులో రాసినా ఫైల్లో ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి. ఫైలు పేరైతే అన్నీ చిన్న అక్షరాలే.)

ఈ పద్ధతిని 1994లో ప్రతిపాదించింది డచ్ ఇంజనీరు మార్టిన్ కోస్టర్. క్రాలర్లు, అంటే సైట్లను వాటంతట అవే తిరిగి చదివే ప్రోగ్రాములు, ఎడతెరిపి లేకుండా పేజీలు అడిగితే అప్పటి సర్వర్లు తట్టుకోలేకపోయేవి. అందుకే క్రాలర్లు రాసేవాళ్లు, సైట్లు నడిపేవాళ్లు కలిసి ఒక మాట అనుకున్నారు. కాలువకు తూము బిగించడం లాంటిది కాదిది, గట్టు మీద బోర్డు పాతడం. చదివి ఆగేవాళ్లే ఆగుతారు. కాబట్టి రహస్య ఫోల్డర్ల పేర్లు ఇందులో రాయడమంటే దొంగకు దారి చెప్పడమే. వాటికి పాస్‌వర్డే పెట్టాలి.

అధికారిక ప్రమాణం 2022 సెప్టెంబరులో గానీ రాలేదు: ఆర్‌ఎఫ్‌సీ 9309 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం. ఆ మధ్య 28 ఏళ్లూ ఎవరికి తోచింది వాళ్లు చేర్చుకుంటూ పోయారు. పేజీకీ పేజీకీ మధ్య కాస్త ఆగమనే ‘క్రాల్-డిలే’ను బింగ్ పాటిస్తుంది, గూగుల్ పట్టించుకోదు. ఈ ఫైల్లో ‘నోఇండెక్స్’ (ఫలితాల్లో చూపొద్దు) అని రాస్తే అనధికారికంగా పాటించిన గూగుల్ 2019 సెప్టెంబరు 1 నుంచి మానేసింది. పాత సలహాలు నమ్మి ఇప్పటికీ రాస్తున్నారు. అసలు డిస్‌అలౌ అంటే చదవొద్దని మాత్రమే, జాబితాలో చూపొద్దని కాదు. బయటి లింకులుంటే ఆ చిరునామా వివరం లేకుండా ఫలితాల్లో తేలుతుంది. పేజీని తీయించాలంటే నోఇండెక్స్ ట్యాగును పేజీలోనే పెట్టి, ఫైల్లో అడ్డు తీసేయాలి. అడ్డుంటే క్రాలర్ ఆ ట్యాగును చూడనే చూడదు.

ఈ ఫైలు నిజంగా ఉపయోగపడేది ఫిల్టర్ పేజీల దగ్గర, అంటే రకం, సైజు, వరుసక్రమం ఎంచుకున్నప్పుడల్లా పుట్టే పేజీల దగ్గర. 40 రకాల మొక్కలు, 3 కవరు సైజులు, 4 రకాల వరుసక్రమాలు: అప్పుడే 480 చిరునామాలు, సరుకు మాత్రం అదే. వరుసక్రమం పేజీలను ఆపాలంటే ‘/*?సార్ట్=’తో పాటు ‘/*&సార్ట్=’ కూడా రాయాలి (‘*’ అంటే మధ్యలో ఏమున్నా సరే), లేకపోతే చిరునామాలో ‘?’ తర్వాత సార్ట్ రెండో స్థానంలో ఉన్నవి తప్పించుకుంటాయి. పోలిక మొదటి అక్షరాల నుంచే జరుగుతుంది గనుక ‘/రోజ్’ అంటే రోజ్‌వుడ్ పేజీ కూడా పోతుంది. తెలుగు చిరునామాలైతే మరీ పొడుగు: ‘మల్లె’ ఒక్క మాటే శాతం గుర్తులతో 45 అక్షరాలవుతుంది.

ఫైలు లేకపోతే, అంటే 404 వస్తే, అంతా తెరిచి ఉన్నట్టే లెక్క. సర్వర్ కూలి 500 వస్తే మాత్రం సైటంతా మూసినట్టు భావించాలన్నది ప్రమాణం. చవక హోస్టింగ్‌లో దెబ్బ తగిలేది ఇక్కడే. పైగా క్రాలర్లు పాత కాపీని 24 గంటల దాకా వాడుకోవచ్చు, దిద్దిన వెంటనే ఫలితం చూడాలనుకోకండి.

2023 ఆగస్టులో ఓపెన్ఏఐ క్రాలర్ జీపీటీబాట్ పేరు బయటికొచ్చాక ఏఐ క్రాలర్లకు విడిగా వరుసలు రాయడం మొదలైంది. ఒక బాట్‌కు పేరుతో విభాగం పెడితే అది అందరికీ ఉద్దేశించిన ‘*’ విభాగాన్ని పట్టించుకోదు. అందరికీ వర్తించాల్సిన వరుసలను అక్కడ మళ్లీ రాయాల్సిందే.