పార్టు మార్చే ముందు ఒక చిన్న పరీక్ష

విజయనగరం, శ్రీకాకుళం వీధుల్లో ఈమధ్య జర్మన్ కార్లు బాగానే కనిపిస్తున్నాయి. వాటిలో చాలావరకు విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఒకరి చేతిలో ఏడెనిమిదేళ్లు తిరిగి, కొత్త చిన్న కారు ధరకే మన వైపు వచ్చినవి. ఏళ్లు గడిచేకొద్దీ కారు ధర పడిపోతుంది గానీ దాని విడిభాగాల ధర పడిపోదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కొన్నా, పార్టులు మాత్రం ఖరీదైన కారు పార్టులే. అందుకే ఇలాంటి బండికి చిన్న ఇబ్బంది వస్తే, జేబుకు పెద్ద చిల్లు పెట్టేది తప్పు పార్టు మార్చడమే. "ముందు ఇది మార్చి చూద్దాం, తగ్గకపోతే అది మారుద్దాం" అనే పద్ధతి అంబాసిడర్ రోజుల్లో చెల్లింది. ఇప్పుడు రెండు కారణాల మీద అనుమానం ఉంటే, వాటిలో ఏది నిజమో తేల్చే పరీక్ష ముందు చేయాలి. అలాంటి పరీక్షల్లో చాలావాటికి పైసా ఖర్చుండదు. హైస్కూల్లో చదివిన ఫిజిక్సు గుర్తుంటే చాలు.

మా బావ కొన్న కారు ఒక ఉదయం డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలిగించింది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్, గేర్‌బాక్స్, అన్నీ ఒక్కసారే. సెల్ఫ్ బరువుగా తిరిగి ఎలాగో స్టార్టయింది. సాలూరు లారీ షెడ్లలో పని నేర్చుకుని విజయనగరంలో సొంత షెడ్డు పెట్టుకున్న మెకానిక్ ఒకాయన వచ్చి చూశాడు. బానెట్ జోలికే పోలేదు, తిన్నగా వెళ్లి డిక్కీ తెరిచాడు. "ఇన్ని రోగాలు ఒక్క రేత్రిలో రావు బాబూ. ముందు బ్యాటరీ సూడండి" అన్నాడు. ఈ తరహా కార్లలో చాలావాటికి బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది. మల్టీమీటర్ పెడితే 11.9 వోల్టులు చూపించింది.

ఆయన మాటలో ఉన్నది శుద్ధమైన సంభావ్యతా శాస్త్రం. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు వ్యవస్థలు ఒకే రాత్రి చెడిపోవడం చాలా అరుదు. ఆ నాలుగూ ఆధారపడిన ఒక్కటి చెడిపోవడం మామూలే. సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, ఒడిశా ఘాట్ ఎక్కే లారీలను తరాలుగా బాగుచేసిన ఆ ఊరి చేతులకు ఉన్న ఈ తర్కాన్ని నేను ఎంతో గౌరవిస్తాను.

లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఒక్కో గదికి సుమారు 2.1 వోల్టులు, ఆరు గదులకు 12.6. రాత్రంతా కదలకుండా ఉన్న బండిలో తెల్లారి 12.6 కనిపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టే క్షణంలో 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ బలహీనపడిందని అనుమానించాలి. ఇంజన్ నడుస్తుండగా మామూలుగా 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లు పెట్రోలు ఆదా కోసం ఛార్జింగును అప్పుడప్పుడు తామే తగ్గించుకుంటాయి కాబట్టి ఒక్క రీడింగు చూసి డైనమో పోయిందని తీర్మానించకూడదు. వోల్టేజి తగ్గితే కారులోని పదుల కంప్యూటర్లు తడబడి ఒకదాని మీద ఒకటి ఫిర్యాదులు రాస్తాయి. వాటన్నిటినీ కలిపే క్యాన్ అనే సమాచార వ్యవస్థను బాష్ కంపెనీ 1986లో పరిచయం చేసింది. నాలుగు వైర్లు పట్టుకుని చూస్తే తెలిసిపోయే రోజులు దానితోనే తగ్గుముఖం పట్టాయి.

బ్యాటరీ కొత్తదైనా రోజూ దిగిపోతుంటే దొంగ వేరే ఉన్నాడు. బండి లాక్ చేసిన కాసేపటికి కంప్యూటర్లన్నీ నిద్రపోవాలి. అప్పుడు లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆ లెక్కన పూర్తిగా ఖాళీ కావడానికి 1400 గంటలు, అంటే దాదాపు రెండు నెలలు పడుతుంది. మధ్యలో తగిలించిన చౌకరకం కెమెరా వల్లో, ఆరిపోని డిక్కీ లైటు వల్లో అర ఆంపియర్ పోతుంటే 140 గంటలు చాలు. ఆరు రోజులు కూడా నిలవదు. ఒక్కో ఫ్యూజు దగ్గరా మల్టీమీటర్‌తో మిల్లీ వోల్టులు చూసుకుంటూ వెళితే, బండి నిద్రపోయాక కూడా ఏ దారిలో కరెంటు పారుతోందో దొరికిపోతుంది.

ఇక స్కానర్ సంగతి. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్టు అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి అయింది. మన దేశంలో ఓబీడీ, అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టే ఏర్పాటు, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది. అందులో గుచ్చే చిన్న పరికరం, ఫోనులో ఒక యాప్ ఉంటే, లోపానికి గుర్తుగా కంప్యూటర్ రాసిపెట్టిన కోడ్ ఎవరైనా చదవొచ్చు. చిక్కు చదవడంలో లేదు. థర్మామీటరు జ్వరం ఉందని చెబుతుంది, మలేరియానో టైఫాయిడో చెప్పదు. కోడ్ కూడా అంతే. పి0302 అంటే రెండో సిలిండర్లో మిస్సింగ్, అంటే అక్కడ పెట్రోలు సరిగా మండడం లేదని మాత్రమే. కారణం స్పార్క్ ప్లగ్ కావచ్చు, ప్లగ్‌కు కరెంటిచ్చే కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, ఆ సిలిండర్లో కంప్రెషన్ తగ్గి ఉండొచ్చు.

ఇక్కడ చేసే పరీక్ష నాకు చాలా ఇష్టం. ఇంజన్ చల్లారాక రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోది తీసి రెండోదానికి పెట్టాలి. మిగతావేవీ కదపకూడదు. కోడ్ చెరిపి బండి నడపాలి. ఇప్పుడు పి0303 వస్తే దోషం కాయిల్‌తో పాటు నడిచి వెళ్లింది, కాయిలే దోషి. మళ్లీ పి0302 వస్తే కాయిల్ నిర్దోషి, ప్లగ్‌తో ఇదే పరీక్ష చేయొచ్చు. ప్రయోగశాలలో శాస్త్రవేత్త చేసేదీ ఇదే. ఒక్కసారికి ఒక్కటే మార్చి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచుతాడు. కాయిల్, ప్లగ్, ఇంజెక్టర్ మూడూ ఒకేరోజు మార్చితే మిస్సింగ్ పోవచ్చు గానీ ఎందుకు పోయిందో ఎప్పటికీ తెలియదు.

పి0171 అనే కోడ్ ఇంకొంచెం లోతైనది. ఇంజన్‌లోకి వెళ్లే గాలికి తగినంత పెట్రోలు అందడం లేదని దాని అర్థం. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ చూస్తూ కంప్యూటర్ పెట్రోలును పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఎంత శాతం దిద్దుతోందో స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ పేరుతో కనిపిస్తుంది. అయిదు, పది శాతం లోపు ఉంటే కంగారు లేదు. ఇరవై దాటితే ఎక్కడో లోపముంది. పెట్రోలు పంపు బలహీనపడిందా, లేక ఎక్కడో రబ్బరు గొట్టం చిట్లి, లెక్కలోకి రాని గాలి లోపలికి పోతోందా?

ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ ఉత్తినే తిరుగుతున్నప్పుడు, రెండు లీటర్ల ఇంజన్ సెకనుకు మూడు గ్రాముల గాలి పీలుస్తుందనుకుందాం. చీలికలోంచి ఇంకో అర గ్రాము దొంగగా దూరుతోంది. తేడా పదహారు, పదిహేడు శాతం. ఇంజన్‌ను నిమిషానికి 2500 తిప్పులకు పెంచి పట్టుకుంటే గాలి పన్నెండు గ్రాములవుతుంది. అదే అర గ్రాము ఇప్పుడు నాలుగు శాతమే. కాబట్టి గాలిని తూచే సెన్సార్ ఉన్న పెట్రోలు ఇంజన్‌లో, ఐడిలింగ్‌లో ఎక్కువగా ఉన్న దిద్దుబాటు వేగం పెంచగానే తగ్గిపోతే గాలి లీకును వెతకాలి. వేగంతో పాటు దిద్దుబాటు కూడా పెరిగితే పంపు, ఫిల్టర్, గాలి సెన్సార్ల వైపు వెళ్లాలి. బండి నిలబడిన చోటే అయిదు నిమిషాల్లో సగం అనుమానాలు తొలగిపోతాయి. యూరప్ ఇంజన్లలో ఇలాంటి లీకుకు తరచూ కారణమయ్యేది, ఇంజన్ లోపలి ఆవిర్లను తిరిగి పీల్చే వాల్వులోని పలుచటి రబ్బరు పొర. అది చిరిగితే సన్నని ఈల వినిపిస్తుంది, ఆయిల్ మూత తీయబోతే లోపలి నుంచి గట్టిగా గుంజుతుంది.

కోడ్‌లేవీ లేవంటే అంతా బాగున్నట్టు కాదు. అమ్మేముందు ఎవరో చెరిపేసి ఉండొచ్చు. అలా చెరిపితే కంప్యూటర్ తన స్వీయ పరీక్షలన్నీ మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి. అవి పూర్తయ్యేదాకా స్కానర్‌లో "రెడీ కాలేదు" అని చూపిస్తుంది. కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా కార్లలో కనిపిస్తుంది. బండి చూడ్డానికి వెళ్లినప్పుడు అక్కడ పది కిలోమీటర్లు కనిపిస్తే, ఎందుకు చెరిపారని అడగండి.

వణుకు సంగతి స్కానర్‌కు అంతగా తెలియదు, దానికి రోడ్డెక్కాలి. ఎచ్చెర్ల నుంచి నరసన్నపేట వైపు 16వ నంబరు జాతీయ రహదారి ఇందుకు పనికొస్తుంది. 90 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ వణుకుతోంది, 110కి వెళ్తే తగ్గిపోతోంది అనుకుందాం. 90 అంటే సెకనుకు 25 మీటర్లు. టైరు చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు. కాబట్టి చక్రం సెకనుకు దాదాపు పన్నెండు చుట్లు తిరుగుతోంది. సస్పెన్షన్‌కు వేలాడే చక్రానికి సహజంగా ఊగే వేగం కూడా సెకనుకు పది నుంచి పదిహేను సార్ల మధ్యే. రెండూ కలిసినచోట వణుకు పెద్దదవుతుంది, దాటాక సద్దుమణుగుతుంది. 17 అంగుళాల రిమ్ము అంచున 20 గ్రాములు తేడా ఉంటే, ఆ వేగంలో అది దాదాపు రెండున్నర కిలోల బరువంత బలంతో చక్రాన్ని అటూ ఇటూ గుంజుతుంది. వానాకాలం పొలం దారిలో తిరిగొచ్చిన బండి రిమ్ము లోపల ఎండిన ఎర్రమట్టి గడ్డ చాలు ఆ తేడా తేవడానికి. బ్యాలెన్సింగ్‌కు డబ్బు కట్టేముందు చక్రం లోపలివైపు నీళ్లతో బాగా కడిగి చూడండి.

వణుకు చక్రానిదా ఇంజన్‌దా అని సందేహమొస్తే అదే వేగంలో ఒక గేరు తగ్గించి నడపాలి. చక్రం తిరిగే వేగం మారదు, ఇంజన్‌ది మారుతుంది. వణుకు అలాగే ఉంటే చక్రాల వైపు, మారిపోతే ఇంజన్, దాని మౌంటింగ్‌ల వైపు వెతకాలి. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు చూడాలి. వేగంతో పెరిగే "హూ"మనే మోత ఉంటే ఖాళీ రోడ్డు మీద వంపుల్లో చెవిపెట్టి వినాలి. కుడివైపు తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీదికి వాలుతుంది. అప్పుడే మోత పెరిగితే సాధారణంగా ఎడమ బేరింగ్ పోతున్నట్టు.

మన ప్రాంతపు కార్లకు నీళ్లూ ఉప్పుగాలీ పెద్ద శత్రువులు. కళింగపట్నం, బారువ లాంటి చోట్ల సముద్రం ఒడ్డున ఉండే బండికి ఎర్త్ వైర్ల బోల్టుల దగ్గర తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటుంది. ఉన్నట్టుండి వచ్చిపోయే వింత కరెంటు తగాదాలు చాలా వరకు అక్కడివే. సన్‌రూఫ్ ఉన్న కారును చెట్టు కింద పెడితే ఆకుల చెత్త దాని నీటి గొట్టాల్లో ఇరుక్కుంటుంది. సన్‌రూఫ్ తెరిచి, మూలన ఉన్న కాలువలో ఒక గ్లాసు నీళ్లు నెమ్మదిగా పోస్తే చక్రం దగ్గర కిందికి కారాలి. కారకపోతే ఆ నీరు కార్పెట్ కిందికి వెళుతుంది. కొన్ని కార్లలో కంప్యూటర్ పెట్టెలు ఉండేదీ అక్కడే. బండి కింద మడుగు కనిపిస్తే రాత్రి ఒక అట్టముక్క పరచండి. రంగు లేకుండా, ఆరాక మరక మిగలకపోతే ఏసీ నీరు, మన ఉక్కపోతకు అది ఎక్కువే వస్తుంది. జిడ్డుగా, తియ్యటి వాసనతో గులాబీ, నీలం, పచ్చ రంగుల్లో ఉంటే కూలెంట్. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్. కూలెంట్ తగ్గిందని వేడి ఇంజన్ మీద మూత మాత్రం తీయకండి. ఒక బార్, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు సమానమైన అదనపు ఒత్తిడిలో నీరు 120 డిగ్రీల దాకా మరగదు. మూత తెరవగానే ఆ ఒత్తిడి పోయి ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.

స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచుల మీద నిలిచే గాలి సస్పెన్షన్ ఉన్న కారైతే రాత్రి నాలుగు చక్రాల దగ్గరా, చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచుదాకా టేపుతో కొలిచి రాసుకోండి, పొద్దున్నే మళ్లీ కొలవండి. ఒక్క మూలే కుంగితే ముందు ఆ మూల రబ్బరు సంచిని అనుమానించాలి. అక్కడ సబ్బునీళ్లు పోస్తే బుడగలు వస్తాయి. ముందు భాగమంతా కుంగితే వాల్వుల పెట్టెను, గొట్టాలను చూడాలి. గాలి కారుతున్నా పట్టించుకోకుండా తిరిగితే కంప్రెసర్ విశ్రాంతి లేకుండా పనిచేసి కాలిపోతుంది, చిన్న లీకు పెద్ద బిల్లవుతుంది. ఈ పరీక్షలప్పుడు బండి కిందికి దూరవద్దు, గాలి పోతే అది మీదికి దిగుతుంది.

సాలూరు దాటి ఘాట్ ఎక్కే ఆలోచన ఉంటే బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కనుక్కోండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి ప్రమాణాల ప్రకారం మరిగే స్థానం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలు, తేమ పట్టాక 155కు పడిపోవచ్చు. దిగుడులో బ్రేకులు ఎడతెగక తొక్కితే ఆ వేడి రావడం కష్టం కాదు. గొట్టంలో ఆవిరి బుడగ పుడితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. పాత యజమాని దగ్గర లెక్క దొరకకపోతే పరీక్షలేవీ పెట్టుకోకుండా నేరుగా మార్పించేయండి, ఖర్చు చాలా తక్కువ.

షెడ్డుకు వెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఎంత వేగంలో, ఏ గేరులో, వాన పడ్డాకా, ఎండలోనా. మెకానిక్ దగ్గరికి వెళ్లగానే చప్పుడు మాయమవడం అందరికీ తెలిసిందే. ఆ కాగితం ఉంటే అదే పరిస్థితిని మళ్లీ కల్పించి వినొచ్చు. రిపేరయ్యాక కోడ్ చెరిపించి, రెండు మూడు రోజులు మామూలుగా తిరిగి, స్కానర్ అన్నీ రెడీ అని చూపించాకే పని పూర్తయినట్టు లెక్కపెట్టుకోండి.