ఉలికిపాటు నుంచి చేతిరాత దాకా: పసితనపు రిఫ్లెక్సుల నూరేళ్ల కథ

విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక థెరపీ సెంటర్. నీలం రంగు మ్యాట్ మీద మా మేనల్లుడు బోర్లా పడుకుని, ఒక పక్క చెయ్యీ కాలూ మడుస్తూ, తల అటు తిప్పుతూ, బల్లిలా మెల్లగా కదులుతున్నాడు. వాడికి ఎనిమిదేళ్లు. చేతిరాత కోడి గెలికినట్టుంటుంది, చదువుతూ చదువుతూ లైను తప్పిపోతాడు. రిపోర్టులో ‘ఏటీఎన్ఆర్ రిటెయిన్డ్’ అని రాశారు. అంటే పసితనంలోనే పోవాల్సిన రిఫ్లెక్స్ ఇంకా పోలేదని. స్కూల్లో ప్రతీకార చర్య అని చదువుకున్నామే, అదే రిఫ్లెక్స్. అక్కకి టెన్షన్ పట్టుకుంది. అమ్మ మాత్రం, ‘ఆడు పాకనేదు కదర్రా, కూకునే జరిగేవోడు. అయినా పాకుండలు పంచేసినాం’ అని తేల్చేసింది.

బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు. బిడ్డ ఒళ్లు ఏ వరసలో సాగుతుందో మన వంటింటికి ఎప్పటినుంచో తెలుసు. వైద్యులు దాన్ని రాసిపెట్టుకోవడం మాత్రం నూరేళ్ల నాటి మాటే.

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఎర్నెస్ట్ మోరో అనే పిల్లల డాక్టరు ఉండేవాడు. పసిబిడ్డ పడుకున్న దిండును రెండు పక్కలా చేతులతో కొట్టి చూశాడు. బిడ్డ ఉలిక్కిపడి, చేతులు బార్లా చాచి, మళ్లీ దేన్నో పట్టుకోబోతున్నట్టు దగ్గరకు తెచ్చుకుంది. 1918లో ఆయన దీని గురించి రాశాడు. మన ఆంధ్రా మెడికల్ కాలేజీ పుట్టడానికి అయిదేళ్ల ముందు మాట. ఇవాళ ఏ ఆసుపత్రిలోనైనా అప్పుడే పుట్టిన బిడ్డకు ఈ పరీక్ష చేస్తారు. ఒక చెయ్యి మాత్రమే కదిలితే రెండో వైపు నరానికో కాలర్ ఎముకకో కాన్పులో దెబ్బ తగిలిందేమోనని చూస్తారు. ఆరు నెలలు వచ్చేసరికి ఈ ఉలికిపాటు మామూలుగా పోతుంది.

మా వాడి రిపోర్టులో ఉన్నది ఇంకోటి. దాన్ని 1912లో రుడాల్ఫ్ మాగ్నస్, డి క్లెయిన్ అనే ఇద్దరు నెదర్లాండ్స్‌లో వివరించారు. తల ఒక పక్కకు తిప్పితే ఆ పక్క చెయ్యీ కాలూ చాచుకుంటాయి, రెండో పక్కవి ముడుచుకుంటాయి. అచ్చం బాణం ఎక్కుపెట్టినట్టు. ఇదీ ఆరు నెలల లోపు తగ్గాలి. మెదడు పైభాగం పెరిగేకొద్దీ కింది నుంచి వచ్చే ఈ చర్యలను అణిచిపెడుతుందని వైద్యుల వివరణ. అణగకుండా గట్టిగా నిలిచిపోతే అది సెరెబ్రల్ పాల్సీ (పసి మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పడం) లాంటి సమస్యకు గుర్తు కావచ్చు. ఇక్కడిదాకా వైద్యంలో ఎవరికీ పేచీ లేదు.

రెండో అంకం ఈ సెరెబ్రల్ పాల్సీ పిల్లలతోనే మొదలైంది. నాజీల కాలంలో బెర్లిన్ వదిలి లండన్ చేరిన బెర్తా బోబాత్ వ్యాయామ శిక్షకురాలు, ఆమె భర్త కారెల్ డాక్టరు. బిడ్డ ఒంటిని ఎలా పట్టుకుంటే, ఎలా తిప్పితే ఈ రిఫ్లెక్సుల బిగువు సడలుతుందో ఇద్దరూ కలిసి చూశారు. తర్వాతి తరాల ఫిజియోథెరపిస్టులు పాఠంగా చదువుకున్న పద్ధతి అది.

కథ దారి తప్పింది అమెరికాలో అని నా అభిప్రాయం. ఫిలడెల్ఫియాలో గ్లెన్ డోమన్, కార్ల్ డెలకాటో 1955లో ఒక సంస్థ పెట్టారు. బిడ్డ ఎదుగుదలలో చేప, పాకే జంతువు, నడిచే జంతువు దశలు వరసగా వస్తాయని, ఒక మెట్టు దాటేస్తే మెదడు అక్కడే వెనకపడుతుందని వాళ్ల వాదన. దానికి విరుగుడు: తల ఒకరు, కాళ్లూ చేతులూ తలా ఒకరు పట్టుకుని బిడ్డను పాకుతున్నట్టు కదిలించడం. రోజూ, కనీసం నాలుగుసార్లు. అమ్మమ్మలూ ఇరుగుపొరుగులూ కూడా డ్యూటీలు వేసుకుని వచ్చేవాళ్లట. చదువు రాకపోవడానికి పాకకపోవడమే కారణమన్న మాటకు ఇంత బలం ఇక్కడే వచ్చింది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1968లో ఒకసారి, 1982లో మరోసారి, 1999లో ఇంకోసారి దీనికి ఆధారాలు లేవని ప్రకటించాల్సి వచ్చింది. కుటుంబాల మీద పడే భారమే కీడు చేయొచ్చని కూడా చెప్పింది. మూడుసార్లు చెప్పినా ఆ ఆలోచన పోలేదంటే, తల్లిదండ్రుల ఆశ ఎంత బలమైనదో చూడండి.

అదే కాలంలో జీన్ ఏయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు సెన్సరీ ఇంటిగ్రేషన్ (ఇంద్రియాలు పంపే కబుర్లను మెదడు కలిపి అర్థం చేసుకోవడం) సిద్ధాంతం తెచ్చింది. సెంటర్లలో కనిపించే ఉయ్యాలలు, పెద్ద బంతుల వెనక ఉన్నది ఎక్కువగా ఆమె ఆలోచనే. 1975లో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌లో పీటర్ బ్లైత్ ఒక సంస్థ పెట్టి, నేరుగా బడి పిల్లల్లో మిగిలిన రిఫ్లెక్సులనే పట్టుకున్నాడు. బల్లి కదలికలు, నక్షత్ర చేపలా చేతులూ కాళ్లూ విప్పి ముడవడాలు ఈ దారిలో వచ్చినవే. పసిబిడ్డ కదలికలను బడి వయసులో మళ్లీ నెమ్మదిగా చేయిస్తే, అణగని రిఫ్లెక్స్ అణుగుతుందన్నది సూత్రం. మా వాడు పుస్తకం వైపు తల తిప్పినప్పుడల్లా చెయ్యి చాచుకోవాలని చూస్తుందని, దాన్ని ఆపడానికి పెన్సిల్ బిగించి పట్టుకుంటున్నాడని వాళ్ల వివరణ. వినడానికి సబబుగానే ఉంటుంది. అక్కడే జాగ్రత్త పడాలి.

ఆధారాల మాటకొస్తే, తీసిపారేయలేని అధ్యయనం ఒకటుంది. 2000లో బెల్‌ఫాస్ట్ పరిశోధకులు మెక్‌ఫిలిప్స్ బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చేసింది. చదవడంలో వెనకబడి, ఇదే రిఫ్లెక్స్ మిగిలి ఉన్న 60 మంది పిల్లలు, మూడు గుంపులు. ఒక గుంపుకు రిఫ్లెక్స్ కదలికలు, రెండో గుంపుకు మామూలు కదలికలు, మూడో గుంపుకు ఏమీ లేదు. ఏడాది తర్వాత మొదటి గుంపులో రిఫ్లెక్సూ తగ్గింది, చదవడమూ మెరుగుపడింది. మంచి అధ్యయనమే. కానీ ఆ గుంపులో పిల్లలు ఇరవై మంది. ఇరవై మందిని చూసి ఊరంతటికీ మందు రాయలేం. పైగా ఏ ఇబ్బందీ లేని పిల్లల్లోనూ ఈ రిఫ్లెక్సుల ఛాయలు కనిపిస్తాయి. పాకడం సంగతి చూస్తే, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో ఎదుగుదల మైలురాళ్ల జాబితా నుంచి దాన్ని తీసేసింది. మా అమ్మకి ఈ మాట చెబితే ‘మరి పాకుండలో?’ అంది.

మన దగ్గరకు ఇదంతా ఎందుకు వచ్చిందో చెప్పడం తేలిక. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, చదువు సమస్యలకు చోటు లేదు. 2016 చట్టం ఆ ఏడింటిని 21 చేసింది, అభ్యసన వైకల్యమూ ఆటిజమూ అందులోకి వచ్చాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జిల్లా స్థాయిలో ముందస్తు చికిత్స కేంద్రాలు తెచ్చింది. సమస్యకు పేరు దొరికింది. పేరు దొరికాక థెరపీ కోసం వెతుకులాట మొదలవుతుంది.

ఈ కదలికల వల్ల పిల్లలకు హాని జరుగుతుందని నేను అనను. మా వాడికి ఆ మ్యాట్ ఇష్టం. ఇంట్లో చేయమంటే మొరాయించేవాడు ఆదివారం ఆర్కే బీచ్ ఇసుకలో తనంతట తనే బల్లిలా పాకి చూపించాడు. నా పేచీ వేరే. అక్షరాలు కూడబలుక్కునే బిడ్డకు రోజూ పక్కన కూర్చుని చదివించే మనిషి కావాలి. ఆ గంట కూడా ఈ మ్యాట్ మీదే పోతోంది.

మూడు నెలలయ్యాక సెంటర్‌లో రిఫ్లెక్స్ పరీక్ష మళ్లీ చేశారు. వాడు నాలుగు కాళ్ల మీద వంగితే, తల తిప్పి, మోచెయ్యి వంగుతుందా అని చూశారు. బాగా తగ్గిందన్నారు. చదవడం ఎంత మెరుగైందని అక్క అడిగితే, ఆ పరీక్ష తాము చేయమన్నారు. ఇంటికొచ్చాక అక్కే తెలుగు వాచకం తీసి, వాడి ముందు పెట్టి, ఫోన్లో టైమర్ నొక్కింది.